ఎవరి వాకిట నడుస్తున్నాము?



మీ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే వారి అట్లాసు ఒకసారి చేతిలోకి తీసుకోండి. మన కాకినాడ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17 డిగ్రీల దూరములో ఉన్నది. అదే రేఖకు దక్షిణాన అంతే దూరములో వేలు పెట్టి, తూర్పు దిక్కుగా జరుపుకుంటూ వెళ్లండి. ఆస్ట్రేలియా ఖండము ఈశాన్య తీరాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రములో కెయిన్స్ అనే పట్టణము తగులుతుంది. అక్కడినుండి తీరము వెంబడి ఉత్తరముగా దాదాపు 140 కిలోమీటర్లు వెళితే, అడవి కప్పిన కొండలు నేరుగా సముద్రములోకి దిగిన చోటు ఒకటి వస్తుంది. అది భూమధ్యరేఖకు ఇంచుమించు మన మచిలీపట్నమంత దూరము. దాని పేరు కేప్ ట్రిబ్యులేషన్. తెలుగులో చెప్పుకుంటే శ్రమల అగ్రము.

సెలవులకు కుటుంబమంతా కలిసి కారు కట్టించుకొని వెళ్లడము ఇప్పుడు మన పల్లెలలో కూడ అలవాటవుతున్నది. అరకు, మారేడుమిల్లి, ఊటీ, ఇలా ఎవరి స్తోమతను బట్టి వారు వెళ్తున్నారు. బయలుదేరే ముందు ఏమి సర్దుకోవాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి అని అందరమూ ఆలోచిస్తాము. అయితే ఎవరి వాకిట్లోకి వెళ్తున్నామో ఆలోచించేవారు తక్కువ. ఆ ఆలోచన ఎంత అవసరమో శ్రమల అగ్రపు బాట చక్కగా నేర్పుతుంది. అందుకే ఈ నెల ఆ బాట గురించి వ్రాస్తున్నాను.

2022 ఆగస్టులో నేను బ్రిస్బేన్‌లో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. మా చెల్లెలు అక్కడ నర్సుగా పని చేస్తున్నది. మా మరిది, పన్నెండేళ్ల అబ్బాయి, ఎనిమిదేళ్ల అమ్మాయి, నేను, మొత్తము ఐదుగురము కెయిన్స్‌లో కారు అద్దెకు తీసుకొని మూడు రోజులు ఈ తీరమంతా తిరిగాము.

మన తీరము, వారి తీరము

భూమధ్యరేఖకు ఒకే దూరములో ఉన్నా రెండు తీరాలకు పోలిక లేదు. మన కోస్తా జిల్లాలలో ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు కొంచెము అటూ ఇటూగా వాన పడుతుంది. శ్రమల అగ్రము దగ్గర దాదాపు 4000 మిల్లీమీటర్లు పడుతుంది. కారణము కొండలే. మన తూర్పు కనుమలు తీరానికి ఎడముగా, తెగి తెగి ఉన్నవి. అక్కడ 1300 మీటర్లకు మించిన ఎత్తున్న కొండలు సముద్రానికి ఆనుకొనే నిలబడి ఉన్నవి. ఆగ్నేయము నుండి వచ్చే సముద్రపు గాలి ఆ కొండలకు తగిలి పైకి లేస్తుంది. చల్లబడి మబ్బై, అక్కడే కురుస్తుంది. ఆ తడివలననే అక్కడ వర్షారణ్యము నిలిచింది.

ఋతువులు కూడ మనకు తలక్రిందులు. మనకు చలికాలమైన డిసెంబరు, జనవరి నెలలలో వారికి ఉక్కపోత, తుపానులు, కుండపోత వానలు. మనకు వానకాలమైన ఆగస్టులో వారికి పొడి చలికాలము. కాబట్టి పిల్లలతో వెళ్లేవారు మే నుండి అక్టోబరు లోపల వెళ్లడము మేలు.

కెయిన్స్ నుండి మాస్‌మన్ అనే చిన్న ఊరి వరకు సముద్రము ప్రక్కనే రోడ్డు ఉన్నది. దానిని కెప్టెన్ కుక్ హైవే అంటారు. లోకమంతా పనులు లేక అలమటించిన కాలములో, నిరుద్యోగులకు కూలి ఇచ్చి, పలుగు పారలతో కొండ అంచు తవ్వించి ఈ రోడ్డు వేయించారు. 1933లో తెరిచారు. కుడి ప్రక్క నీలి సముద్రము, ఎడమ ప్రక్క పచ్చని కొండ. అక్కడ కూడ మనవలెనే ఎడమ ప్రక్కనే బండి నడపాలి గనుక మా మరిదికి ఏమీ ఇబ్బంది లేదు. కాని మలుపులు ఎక్కువ. చెట్టు చాటునుండి ఏ జంతువు వస్తుందో తెలియదు. చీకటి పడక ముందే చేరుకోవాలని మొదటినుండి అనుకున్నాము, అలాగే చేశాము.

మాస్‌మన్ చుట్టూ చెరకు తోటలు. రోడ్డుకు అడ్డముగా సన్నని పట్టాల మీద చిన్న ఇంజను, దాని వెనుక చెరకు నింపిన బుట్టల వరుస. కారు ఆపి అవి దాటేవరకు నిలబడ్డాము. బండ్ల మీద చెరకు వెళ్లడము చూసిన కన్నులకు చెరకు రైలు వింతే. ఆ ఊరి మిల్లు 1897 నుండి చెరకు ఆడింది. ఇప్పుడది మూతబడింది. 2023 తరువాత అక్కడ గానుగ తిరుగలేదు. తాత తండ్రుల నాటి నుండి ఒకే పంట వేసిన రైతులు మరుసటి ఏడు తమ చెరకును దూరపు మిల్లుకు లారీలలో పంపుకోవలసి వచ్చింది. ఫ్యాక్టరీ మూతబడితే రైతు ఇంట్లో ఏమి జరుగుతుందో మన చెరకు జిల్లాలవారికి నేను చెప్పనవసరము లేదు.

పొగతో స్వాగతము

మాస్‌మన్ ప్రక్కనే కొండ లోయలోనుండి ఒక ఏరు దిగుతుంది. ఈ ప్రాంతము కుకు యలంజి అనే మూలవాసులది. వేల సంవత్సరాలుగా వారు ఈ తీరాన, ఈ అడవిలో బ్రతుకుతున్నారు. ఏ చెట్టు పూస్తే ఏ చేప బలుస్తుందో, ఏ కాయను ఎన్ని రోజులు ఏటి నీటిలో నానబెడితే విషము పోతుందో వారికి తెలుసు. లోయ ముఖద్వారములో 2012లో ఒక కేంద్రము తెరిచారు. మన కారు అక్కడే ఆపుకోవాలి. లోపలికి వారి బస్సులో వెళ్లాలి. వారి మనుషులే దగ్గరుండి అడవి చూపిస్తారు.

నడక మొదలు పెట్టే ముందు మాకు దారి చూపే పెద్దాయన పచ్చి ఆకులు మంట మీద వేసి పొగ పెట్టాడు. వచ్చినవారందరూ ఆ పొగ చుట్టూ నడిచి లోపలికి రావాలి. అది వారి ఆచారము. చెడు తొలగించి అతిథిని తమ నేల మీదికి ఆహ్వానించడము దాని భావము.

మా మరిది కొంచెము వెనుకాడాడు. "వదినా, మనము దీనిలో పాలు పొందవచ్చునంటావా?" అని మెల్లగా అడిగాడు. విశ్వాసులలో చాలామందికి వచ్చే సందేహమే ఇది. "ఎవరి మనస్సాక్షి వారిది. ఆయననే మర్యాదగా అడుగు" అన్నాను. మా మరిది వెళ్లి, తాము క్రైస్తవులమనీ, ఈ ఆచారములో పాల్గొనకుండ ప్రక్కన నిలబడితే తప్పుగా అనుకోవద్దనీ చెప్పాడు. ఆ పెద్దాయన నవ్వి, "నిలబడి చూడండి, చాలు. అడిగారు, అదే మర్యాద" అన్నాడు. తరువాత మాటలలో తెలిసింది, ఆయన బంధువులలో చాలామంది సంఘానికి వెళ్లేవారేనట.

పిల్లలు అంతా చూశారు. తన విశ్వాసము దాచుకోకుండ, ఎదుటివారి ఆచారాన్ని ఎగతాళి చేయకుండ నిలబడడము ఎలాగో తండ్రిని చూసి నేర్చుకున్నారు. నోటితో చెప్పి ఉంటే అంతగా నాటుకొని ఉండేది కాదు.

పంటు మీద నది దాటి

మాస్‌మన్ దాటిన తరువాత డేన్‌ట్రీ నది అడ్డు వస్తుంది. దాని మీద వంతెన లేదు. ఒడ్డు నుండి ఒడ్డుకు కట్టిన ఇనుప త్రాళ్ల మీద నడిచే పంటు ఉన్నది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవారికి ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది. కార్లను వరుసగా ఎక్కించుకొని కొద్ది నిమిషాలలో అవతలికి చేరుస్తుంది. వంతెన వేయాలని కొందరు, వద్దని కొందరు ఏండ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. వంతెన వస్తే బండ్లు పెరుగుతాయి, బండ్లు పెరిగితే అడవి తరుగుతుంది అన్నది వద్దనేవారి మాట. కరెంటు తీగలు కూడ ఆ నది దాటి రాలేదు. అవతల ఉన్న ఇండ్లకు సౌర పలకలు, డీజిల్ జనరేటర్లే దిక్కు. సెల్‌ఫోను సిగ్నలు చాలా చోట్ల అందదు. అందుకే త్రాగే నీరు, మందులు, బండికి నూనె ఇవతలే చూసుకోవాలి.

రేవులో పెద్ద హెచ్చరిక పలక ఉన్నది. దాని మీద నోరు తెరిచిన మొసలి బొమ్మ. అవి ఉప్పునీటి మొసళ్లు. మన ఒడిస్సాలోని భితర్‌కనికాలో ఉండే జాతే. క్వీన్స్‌లాండ్‌లో 1974 నుండి వాటిని చంపడము నిషేధము. నదిలో, ఏరు సముద్రములో కలిసే చోట, ఒక్కొక్కప్పుడు సముద్రపు ఒడ్డున కూడ అవి ఉంటాయి. నీటి అంచుకు కనీసము ఐదు మీటర్ల దూరములో ఉండాలన్నది అక్కడి నియమము. నీరు ప్రశాంతముగా కనిపించినంత మాత్రాన అది ఖాళీగా ఉన్నదని కాదు.

సముద్రములోనూ ఒక భయమున్నది. నవంబరు నుండి మే వరకు పెట్టె ఆకారపు జెల్లీ చేపలు ఒడ్డుకు వస్తాయి. నీటిలో వాటిని కంటితో పట్టడము కష్టము. వాటి పోగులు తగిలితే ప్రాణము పోవచ్చు. అందుకే తీరము పొడుగునా చిన్న స్తంభాలకు వెనిగర్ సీసాలు పెట్టి ఉంచుతారు. తగిలిన చోట వెంటనే వెనిగర్ పోస్తే, ఇంకా విషము చిమ్మని పోగులు చిమ్మకుండ ఆగుతాయి. ఎవరికి అవసరము వస్తుందో తెలియకుండానే ఎవరో అక్కడ సీసా నింపి పెట్టి వెళ్తారు. దారి ప్రక్క చలివేంద్రము పెట్టేవారివలె.

అడవి ఇల్లు, అడవి తండ్రి

నది దాటగానే చెట్లు రోడ్డు మీద గొడుగు పట్టినట్లు కమ్ముకున్నవి. పట్టపగలు బండి దీపాలు వెలిగించుకోవలసి వచ్చింది. నేల తొక్కకుండ చెక్క వంతెనల మీద నడిచే బాటలు అక్కడక్కడ వేశారు. మడ అడవుల మీదుగా పోయే బాట మీద నడుస్తుంటే నాకు మన కోరింగ గుర్తుకు వచ్చింది. అవే వేళ్లు, అదే బురద వాసన.

ఆ బాటలు వదిలి ప్రక్కకు వెళ్లవద్దని చెప్పడానికి కారణమున్నది. గుండె ఆకారపు ఆకులతో, చూడటానికి మెత్తగా ఉండే ఒక మొక్క అక్కడ పెరుగుతుంది. జింపీ జింపీ అంటారు. దాని నూగు గాజు ముండ్లవలె చర్మములో దిగబడుతుంది. మన దురదగొండి దాని ముందు ఏపాటి? ఆ నొప్పి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు వదలదు.

పశువులు గలవారికి ఇంకొక సంగతి చెప్పాలి. 1971లో డేన్‌ట్రీ ప్రాంతములో ఒక రైతు పశువులు ఉన్నట్లుండి చనిపోయినవి. ఎవరైనా విషము పెట్టారా అని అనుమానము. కడుపు కోసి చూస్తే పెద్ద పెద్ద గింజలు దొరికినవి. అవి ఏ చెట్టువని ఆరా తీయగా, 1902లో ఒక శాస్త్రజ్ఞుడు సేకరించిన తరువాత లోకము మరచిపోయిన చెట్టు అని తేలింది. దాని వంశము పూల మొక్కల తొలి రోజులనాటిది. అన్ని కోట్ల సంవత్సరాలు ఆ చెట్టు ఆ లోయలలోనే కాయలు రాల్చుకుంటూ నిలిచి ఉన్నది.

రెండవ రోజు ఉదయము మా అమ్మాయి "పెద్దమ్మా, అటు చూడు!" అని గుసగుసలాడింది. రోడ్డు అంచున మనిషి ఎత్తు పక్షి. నల్లని ఈకలు, నీలి మెడ, నెత్తి మీద కొమ్ము కిరీటము. అది కాసొవరీ. ఎగురలేదు. కాలి గోరు బాకువలె ఉంటుంది, తన్నితే చీరుకుపోతుంది. దాని వెనుక చారలున్న మూడు పిల్లలు. బండి ఆపి, అద్దాలు ఎత్తుకొని, కదలక కూర్చున్నాము.

"తల్లి ఎంత పెద్దదో!" అన్నాడు అబ్బాయి.

"తల్లి కాదురా, తండ్రి" అన్నాను.

నిజమే. కాసొవరీ జాతిలో ఆడపక్షి గ్రుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగపక్షి సుమారు 50 రోజులు పొదిగి, పిల్లలను తొమ్మిది నెలల వరకు వెంట తిప్పుకుంటూ సాకుతుంది. పిల్లల పెంపకము ఆడవారి పని అనుకొనే తండ్రులు మన పల్లెలలో ఇంకా ఉన్నారు గనుక ఈ మాట ప్రత్యేకముగా వ్రాస్తున్నాను! ఆ పక్షి రాలిన పండ్లను గింజతో సహా మ్రింగి, దూరముగా విసర్జిస్తుంది. పెద్ద గింజల చెట్లు ఎన్నో ఆ విధముగానే అడవి అంతటా మొలుస్తున్నవి. ఆ పక్షికి అతి పెద్ద అపాయము మనిషి నడిపే కారు, మనిషి పెంచే కుక్క. అందుకే రోడ్డు మీద గతుకులు కట్టి, మెల్లగా వెళ్లమని పలకలు పెట్టారు. మా మరిది తిరిగి వచ్చేవరకు ఆ పలకలను ఒక్కసారి కూడ మీరలేదు.

ప్లాట్లు, బుల్‌డోజర్లు

ఈ అడవి ఇప్పుడు నిలిచి ఉన్నదంటే అది దానంతట అది నిలువలేదు. 1980 తరువాత కొద్ది సంవత్సరాలలో నదికి అవతల ఉన్న పల్లపు అడవిని ఒక వ్యాపారి 1100కు పైగా ప్లాట్లుగా విభజించి అమ్మకానికి పెట్టాడు. దూరాన ఉన్నవారు నేల చూడకుండానే కొన్నారు. మన దగ్గర వెంచర్లు వేసే పద్ధతే. తరువాత ప్రభుత్వము, కొన్ని ధర్మ సంస్థలు ఆ ప్లాట్లను ఒక్కొక్కటిగా తిరిగి కొని అడవికి విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ పని ఇంకా పూర్తి కాలేదు.

1983 డిసెంబరులో శ్రమల అగ్రము నుండి ఉత్తరాన బ్లూమ్‌ఫీల్డ్ వరకు అడవి చీల్చి రోడ్డు వేయడానికి బుల్‌డోజర్లు వచ్చినవి. కొందరు చెట్లకు గొలుసులతో కట్టుకున్నారు. కొందరు మెడవరకు మట్టిలో పూడ్చుకొని దారికి అడ్డముగా నిలిచారు. అయినా మరుసటి సంవత్సరము రోడ్డు పడింది. కాని ఆ దృశ్యాలు చూసి దేశము మేలుకొన్నది. 1988లో దాదాపు 9 లక్షల హెక్టార్ల వర్షారణ్యము ప్రపంచ వారసత్వ పట్టికలో చేరింది. ఎదుటనున్న పగడపు దిబ్బల సముద్రము, గ్రేట్ బారియర్ రీఫ్, 1981లోనే చేరి ఉన్నది. ఇటువంటి రెండు వారసత్వాలు ప్రక్క ప్రక్కనే ఒడ్డున కలుసుకునే చోటది.

ఇక్కడ ఒక మాట గమనించండి. 1988లో ఆ అడవిని చేర్చినది చెట్లు, పక్షులు, అందము కొరకు మాత్రమే. అందులో ఇల్లు కట్టుకొని బ్రతికిన మనుషుల సంస్కృతిని ఆ దేశపు వారసత్వ పట్టికలో గుర్తించినది 2012లో!

శ్రమ ఎవరిది?

మూడవ రోజు అగ్రము చేరుకున్నాము. తెల్లని ఇసుక, ఇసుక అంచువరకు వచ్చిన అడవి, ఎదురుగా అలలు లేని సముద్రము. "ఇంత అందమైన చోటికి ఆ పేరేమిటి పెద్దమ్మా?" అని అబ్బాయి అడిగాడు.

ఆ పేరు పెట్టినది ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్. 1770 జూన్ 10, త్రిత్వ ఆదివారము. ఆ దినాన్ని బట్టి అక్కడి అఖాతానికి త్రిత్వ అఖాతమని పేరు పెట్టాడు. ఆ రాత్రే ఆయన ఓడ ఎండెవర్ పగడపు దిబ్బ ఎక్కి చిక్కుకున్నది. ఫిరంగులు, సామాను సముద్రములోకి విసిరి, దాదాపు ఒక పగలు ఒక రాత్రి పోరాడి ఓడను తేల్చారు. తన కష్టాలు మొదలైనవి ఇక్కడే గనుక ఆ అగ్రానికి శ్రమ అని పేరు పెట్టాడు. ప్రక్కనున్న అఖాతానికి అలసట అనీ, చేరాలని ఎదురు చూసిన దీవులకు నిరీక్షణ అనీ పేర్లు పెట్టాడు. కుకు యలంజివారికి మాత్రము ఆ అగ్రము పేరు కుల్కి. ఆపదలో చూసినవాడు ఒక పేరు పెట్టాడు. అక్కడే పుట్టి పెరిగినవారికి వేరొక పేరు ఉన్నది.

ఓడను బాగు చేయడానికి కుక్ మనుషులు ఇంకా ఉత్తరాన ఒక నది ముఖములో సుమారు ఏడు వారాలు ఆగారు. అది గూగు యిమిథిర్ అనే ప్రజల ప్రాంతము. ఓడవారు సముద్రములో తాబేళ్లను పట్టి ఓడ మీద పెట్టుకున్నారు. ఆ ప్రజలు వచ్చి ఒక తాబేలు తమకివ్వమని అడిగారు. ఓడవారు ఇవ్వలేదు. వారి నీళ్లలోనుండి, వారిని అడుగకుండ తెచ్చుకున్నదే. వారికి పంచలేదు! కోపము వచ్చి వారు ఓడవారి బస చుట్టూ గడ్డికి నిప్పు పెట్టారు. కుక్ తుపాకి పేల్చాడు, ఒకరికి గాయమైనది. అప్పుడు వారిలోనుండి ఒక ముసలాయన మొన విరిగిన ఈటె పట్టుకొని ఎదురు వచ్చాడు. యుద్ధము వద్దన్న గురుతు అది. ఇరువురూ కూర్చున్నారు, సమాధానపడ్డారు. 1770 జూలై 19న జరిగిన సంగతి ఇది. కుక్‌టౌన్‌లోని ఆ బండలను సమాధానపు బండలని ఇప్పటికీ కాపాడుకుంటున్నారు.

చదువరులారా, ఈటె విరుచుకొని ముందుకు వచ్చినది అతిథి కాదు, అన్యాయము పొందిన ఇంటి యజమాని. ఆ సంగతి విని మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

మిషనులు చేసినది, చేయనిది

తరువాత వచ్చినవారిలో మిషనరీలు కూడ ఉన్నారు. వారి సంగతి మనము మంచి చెడు రెండూ చెప్పుకోవాలి. 1880 తరువాత కొద్ది సంవత్సరాలలో లూథరన్ మిషను ఈ తీరాన రెండు చోట్ల, బ్లూమ్‌ఫీల్డ్ దగ్గర, కుక్‌టౌన్ దగ్గర మొదలైనది. 1892లో కెయిన్స్ అవతల యారబా అనే చోట ఆంగ్లికన్ మిషను మొదలైనది. బయట తుపాకులు, సారా, రోగాలు ఆ ప్రజలను పొట్టన పెట్టుకుంటున్న కాలములో ఈ మిషనులు చాలామందికి ఆశ్రయమైనవి. కొందరు మిషనరీలు వారి భాషలు నేర్చుకొని వ్రాసి పెట్టారు.

కాని తల్లిదండ్రుల నుండి బిడ్డలను వేరు చేసి హాస్టళ్లలో పెట్టిన చరిత్ర కూడ ఉన్నది. 1942లో యుద్ధ భయము పేరుతో సైన్యము, ప్రభుత్వము కుక్‌టౌన్ దగ్గరి మిషను ప్రజలలో ఎక్కువమందిని వెయ్యి కిలోమీటర్లకు పైగా దక్షిణాన చలి ప్రాంతానికి తరలించారు. అక్కడ రోగాలతో అనేకులు చనిపోయారు. మిగిలినవారికి తిరిగి వచ్చే వీలు 1949లో కలిగింది. వారి ఊరు ఇప్పుడు హోప్‌వేల్. బిడ్డలను తల్లుల నుండి తీసుకుపోయినందుకు 2008 ఫిబ్రవరి 13న ఆ దేశపు ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. సంఘాలు కూడ తమ వంతు ఒప్పుకున్నవి. మిషను బడులలో చదివి పైకి వచ్చిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. మేలు పొందినవారమైనంత మాత్రాన, వేరొక చోట జరిగిన కీడును దాచనవసరము లేదు.

2021 సెప్టెంబరు 29న ఒక పెద్ద పని జరిగింది. డేన్‌ట్రీతో కలిపి నాలుగు జాతీయ ఉద్యానవనాలు, 1,60,000 హెక్టార్లకు పైగా నేల, అనగా సుమారు నాలుగు లక్షల ఎకరాలు, తూర్పు కుకు యలంజి ప్రజలకు తిరిగి స్వాధీనమైనది. ఇప్పుడు వారు ప్రభుత్వముతో కలిసి దాని పాలన చూస్తున్నారు. మేము వెళ్లే నాటికి ఏడాది కూడ కాలేదు. మమ్మును లోయ చూపడానికి తీసుకువెళ్లిన పెద్దాయన తన స్వంత నేల మీద నిలబడి స్వాగతము చెప్పినట్లే.

అయితే నేల చేతికి వచ్చినంత మాత్రాన శ్రమ తీరదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గర తీరము దాటిన సంగతి మీరు మరచి ఉండరు. తడిసిన ధాన్యము రాసులు మన కళ్లముందే ఉన్నవి. సరిగా ఎనిమిది రోజులకు, డిసెంబరు 13న, జాస్పర్ తుపాను బ్లూమ్‌ఫీల్డ్ నది ప్రక్కనున్న ఉజల్ ఉజల్ దగ్గర తీరము దాటింది. పాత మిషను ఊరు అదే. తరువాత కొద్ది రోజులలోనే కొన్ని చోట్ల 2000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. నది ఊరిని ముంచింది. జనాన్ని హెలికాప్టర్లలో కుక్‌టౌన్ చేర్చారు. వారు ఇండ్లకు తిరిగి రావడానికి నెలలు పట్టింది. మేము నవ్వుతూ వెళ్లిన రోడ్డు మీద కొండ చరియలు జారి పడినవి. వార్త విన్న రోజు మా అమ్మాయి ఫోను చేసి, "పెద్దమ్మా, ఆ తాతగారు ఎలా ఉన్నారో" అన్నది. చూసి వచ్చిన చోటు గురించి కాదు, చూపించిన మనిషి గురించి అడిగింది.

మన ప్రయాణాలకు

ఇదంతా ఆస్ట్రేలియా వెళ్లగలవారి కొరకు వ్రాయలేదు. మారేడుమిల్లి కొండలలో కొండరెడ్లు ఉన్నారు. అరకు లోయలో ఎన్నో గిరిజన తెగలవారు ఉన్నారు. ఆ అడవులు, ఏరులు వారి పెరళ్లు. రాబోయే సెలవులలో మీ కుటుంబము అటు బయలుదేరితే ఈ నాలుగు సంగతులు ఆలోచించండి.

వెళ్లే చోటి వారి పేరు, ఆ చోటికి వారు పెట్టుకున్న పేరు పిల్లలకు ముందే చెప్పండి. ఫోటో తీసే ముందు మనిషిని అడగండి. మన పిల్లలను ఎవరైనా అడుగకుండ ఫోటో తీస్తే ఊరుకుంటామా?

హెచ్చరిక పలక కనబడితే ఆగి, పిల్లలచేత పైకి చదివించండి. ఏటిలో దిగవద్దంటే దిగవద్దు. ఆ పలక నాటిన చోట అంతకు ముందు ఏదో ఒక ఇంట్లో ఏడ్పు వినబడి ఉంటుంది.

కొనేది అక్కడివారి దగ్గరే కొనండి. తేనె, చింతపండు, వెదురు బుట్ట, ఏదైనా సరే. పట్నములో అడిగిన ధర ఇచ్చి, కొండ మీద బేరము ఆడడము న్యాయము కాదు.

ప్లాస్టిక్కు, సీసాలు, మిగిలిన అన్నము పొట్లాలు తిరిగి తెచ్చుకోండి. చుట్టాల ఇంటికి వెళ్లి వాకిట్లో చెత్త పారవేసి రాము గదా.

ఇంటికి వచ్చిన తరువాత ఒక పూట కూర్చొని, ఏమి చూశామని కాక ఎవరిని కలిశామని పిల్లలను అడగండి. ఒక్క మనిషి పేరైనా వారు చెప్పగలిగితే మీ ప్రయాణము ఖర్చు వృథా కాలేదు.